కరకట్ట మీద మొరాయించే గుర్రం

అందరికీ నమస్కారం. ఈ రోజు మూడీగా ఉండే గుర్రాన్ని బయట స్వారీకి తీసుకెళ్ళడం గురించి మాట్లాడుకుందాం. తాడేపల్లి వైపు నాకు తెలిసిన ఒక తమ్ముడు మార్వారీ జాతి గోడిగను, అంటే ఆడగుర్రాన్ని, పెంచుతున్నాడు. షెడ్డులో ఉన్నంతసేపూ చాలా నెమ్మదస్తురాలు. ఉండవల్లి దగ్గర కరకట్ట ఎక్కి వెంకటపాలెం వైపు బయలుదేరాక మాత్రం ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పలేం. ఒక రోజు చక్కగా నడుస్తుంది. మర్నాడు అదే అరటితోట దగ్గర ఆగిపోయి, చెవులు వెనక్కి వాల్చి, ఇంటివైపు తిరిగిపోతుంది.

దీనికి చుట్టుపక్కల అందరూ చెప్పే మందు ఒకటే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందట, కాబట్టి రెండు తగిలించమంటారు. నేను ఒప్పుకోను. భయపడిన గుర్రాన్ని అక్కడే కొడితే, ఆ తోట దగ్గరికొస్తే దెబ్బ తగులుతుందని దానికి మనమే నేర్పినట్టవుతుంది. రేపు ఇంకా ముందే ఆగిపోతుంది.

ముందు ఒంట్లో బాధ ఉందేమో చూడాలి. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూ, నమిలేకొద్దీ అరుగుతూ ఉంటాయి. సమంగా అరగకపోతే అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోస్తాయి. అలాంటి నోట్లో కళ్ళెం పెట్టి లాగితే తల విదిలించక ఏం చేస్తుంది? ఏడాదికోసారైనా డాక్టరుతో పళ్ళు చూపించండి. జీను తీయగానే వీపు కూడా చూడండి. వీపంతా చెమట పట్టి ఒకచోట మాత్రం పొడిగా ఉంటే, జీను అక్కడ గట్టిగా నొక్కుతోందేమోనని అనుమానించాలి. వెన్నుకి రెండు పక్కలా వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళండి. ఒకచోట చర్మం అదిరి వీపు కిందికి దించేస్తే అక్కడ నొప్పి ఉన్నట్టే.

తర్వాత తిండి. అసలు గొడవ ఎక్కువగా ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. గుర్రం ఒంటికి దాని కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. అందులో యాసిడ్ మాత్రం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. అడవిలో గుర్రం రోజులో ఎక్కువ భాగం మేస్తూ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మనం ఏం చేస్తాం? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉలవలూ శనగలూ దండిగా పెట్టి, మిగతా సమయమంతా కట్టేసి ఉంచుతాం. కడుపులో పుండ్లు పడతాయి. పైగా దాణా ఇచ్చిన సత్తువంతా ఖర్చు కాకుండా ఒంట్లోనే ఉంటుంది. అలాంటి గుర్రం కరకట్ట ఎక్కగానే ఎగిరితే దాన్ని పొగరనడం అన్యాయం. గడ్డి పెంచండి, దాణా తగ్గించండి, రోజూ కాసేపు విప్పి వదలండి. ఖాళీ కడుపుతో స్వారీకి తీయకుండా, బయలుదేరే ముందు కొంచెం గడ్డి వేయండి.

గోడిగ అయితే ఇంకొకటి. ఎదకు వచ్చే కాలంలో సుమారు 21 రోజులకోసారి, 5 నుంచి 7 రోజులపాటు మనసు ఒకచోట ఉండదు. చిరాకు పడ్డ రోజుల్ని క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటే, అంతుబట్టని మూడ్ అనుకున్నదానికి ఒక లెక్క కనిపించవచ్చు. ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. మన వేడికీ ఉక్కకీ కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి ముక్కుపుటాలు ఎగరేస్తుంటే అది మొండితనం కాదు, వెంటనే నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోయాలి.

ఇక దారిలో. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల చూపు ఉంటుంది, కానీ నుదురు ఎదుటా, తోక వెనకా కనపడదు. ఎండలోంచి నీడలోకి వస్తే దాని కళ్ళు అలవాటు పడడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. హైవే అండర్‌పాస్ ముందు నిలబడిపోవడానికి అదొక కారణం. గుంటూరు వైపు మిర్చి కల్లాల దగ్గర గాలికి పట్టాలు టపటపలాడతాయి. గుర్రం వేటాడి తినే జంతువు కాదు, తననే ఎవరో తింటారని పుట్టుకతో భయం ఉన్న జంతువు. ఆ చప్పుడు విని ముందు పరిగెత్తాలనే చూస్తుంది.

అక్కడ రెండు పగ్గాలూ బిగించి పట్టకండి. బిగిస్తే భయం పెరుగుతుంది. దూరంగానే ఆపి, చూడనివ్వండి. తల దించి ఊపిరి గట్టిగా వదిలాక నాలుగడుగులు ముందుకు వెయ్యమనండి. మీద కూర్చున్న మనం టెన్షన్ పడి కాళ్ళు బిగిస్తే అది దానికి వెంటనే తెలిసిపోతుంది.

పరుగందుకుంటుందని అనిపిస్తే, వేగం పెరగక ముందే ఒక్క పగ్గాన్ని మెల్లగా మోకాలి వైపు తెచ్చి తల పక్కకు తిప్పండి. పూర్తి దౌడులో ఒక్కసారిగా లాగితే గుర్రం తూలి పడుతుంది. ముందుకాళ్ళు పైకెత్తితే పగ్గాలు వదులు చేసి, జూలు పట్టుకుని ముందుకు వంగండి. పగ్గాలను ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. హెల్మెట్ లేకుండా ఎక్కవద్దు.

గుండ్రంగా తిప్పమని చాలామంది చెబుతారు. మైదానంలో అది మంచి సలహానే. కరకట్ట మీద మాత్రం వద్దు, రెండు పక్కలా వాలే. అక్కడ అనుమానం వస్తే ముందే దిగి, భుజం పక్కన నిలబడి నడిపించండి. దిగితే పరువు పోతుందని కుర్రాళ్ళు అనుకుంటారు. తెలిసిన రౌతులే ముందు దిగుతారు.

ఇంటివైపు లాగే గుర్రానికి షెడ్డు దగ్గర పని చెప్పండి, దూరం వెళ్ళాక విశ్రాంతి ఇచ్చి గడ్డి మేయనివ్వండి. తిరుగు ప్రయాణం నడకతోనే. నిలకడైన గుర్రం ఒకటి తోడు వస్తే ఇంకా మంచిది.

మొన్నటిదాకా బాగున్న గుర్రం ఒక్కసారిగా మారితే, జ్వరం వచ్చిపోతూ చిక్కిపోతుంటే, స్వారీ ఆపేయండి. జోరీగలు కుట్టడం వల్ల వ్యాపించే సర్రా రోగం కూడా కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. దగ్గర్లో గుర్రాలు చూసే డాక్టరు లేకపోతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో అడగండి. వెళ్ళేటప్పుడు ఏ రోజు ఏం తింది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు చిరాకు పడింది, అన్నీ రాసి పట్టుకెళ్ళండి.