డిస్కార్డ్ రోల్స్ రివ్యూ: ఎర్ర ఇంటూ పెట్టినా మెసేజ్ ఎందుకు వెళ్తోంది?

నమస్కారం అండీ. ఈ వీడియో ఎందుకు వచ్చిందో ముందే చెప్పేస్తా. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గ్రూపులకి (వాటినే సర్వర్లు అంటారు) కాపలా కాసే మోడరేషన్ బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్, తయారుచేసే ఒక కంపెనీ వాళ్ళు ప్రీమియం ప్లాన్ ఫ్రీగా ఇచ్చి రివ్యూ చెయ్యమన్నారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా మాట్లాడండి అని స్క్రిప్టూ పంపలేదు. ఆ బాట్ ఫీచర్లన్నీ వాళ్ళ సైట్లోనే ఉన్నాయి, వాటిని ఇక్కడ చదివి వినిపించను. ఏ బాట్ తెచ్చి పెట్టినా అది పని చేస్తుందా, మన కొంప ముంచుతుందా అన్నది సర్వర్‌లో రోల్స్ (మనుషులకి ఇచ్చే హోదాలు), పర్మిషన్స్ (ఎవరు ఏం చెయ్యొచ్చన్న హక్కులు) ఎలా పెట్టాం అన్నదాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఈరోజు అసలు రివ్యూ డిస్కార్డ్ పర్మిషన్స్‌కి. బాట్ సంగతి మధ్యలో వస్తుంది.

రోల్ ఎలా తయారుచెయ్యాలి, కలర్ ఎలా మార్చాలి, ఇవి మీరు చూసే ఉంటారు. ఒక సర్వర్‌కి 250 రోల్స్ దాకా పెట్టుకోవచ్చు. మనకి ఐదు చాలు. ఉదాహరణకి ఒక కాలేజీ కోడింగ్ క్లబ్ సర్వర్ అనుకుందాం. రోల్స్ ఏమిటంటే అడ్మిన్, మోడ్ (మోడరేటర్), సీనియర్, మెంబర్, మ్యూట్ (గొడవ చేసేవాళ్ళ నోరు కట్టెయ్యడానికి). చానెళ్ళు రూల్స్, అనౌన్స్‌మెంట్స్, డౌట్స్, ఇంకా మోడ్లకి మాత్రమే ఒక టీమ్ రూమ్.

సర్వర్ సెట్టింగ్స్‌లో రోల్స్ పేజీ తెరవండి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పైన అడ్మిన్, దాని కింద మోడ్, అలా దిగుతూ వచ్చి అట్టడుగున ఎవ్రీవన్, అంటే సర్వర్‌లో ఉన్న అందరికీ ఉండే రోల్. మౌస్‌తో పట్టుకుని పైకీ కిందకీ లాగొచ్చు. ఈ లిస్ట్ చూసిన ఎవరికైనా ఏమనిపిస్తుంది? పైనున్న రోల్ మాటే చెల్లుతుందని కదా. చానెల్ పర్మిషన్ల దగ్గర ఈ వరసకి పూచికపుల్ల విలువ కూడా లేదు. ఈ వరస పనికొచ్చేది మనుషుల మీద. ఎవరు ఎవర్ని కిక్ చెయ్యొచ్చు, బ్యాన్ చెయ్యొచ్చు, ఎవరి నిక్‌నేమ్ మార్చొచ్చు, ఎవరికి ఏ రోల్ ఇవ్వొచ్చు, అంతవరకే. ఇద్దరు మోడ్లకి పై రోల్ ఒకటే అయితే ఒకర్నొకరు బ్యాన్ చేసుకోలేరు. పేరు ఏ కలర్‌లో కనపడాలో కూడా ఈ వరసే తేలుస్తుంది. మెసేజ్ పెట్టొచ్చా లేదా అన్నది మాత్రం తేల్చదు. ఈ ముక్క ఆ పేజీలో ఒక్క లైన్లో రాసిపెడితే సగం సర్వర్ల తలనొప్పి తగ్గేది.

మరి తేల్చేది ఎవరు? లెక్క చెప్తా, కొంచెం నిదానంగా వినండి. ముందు సర్వర్ లెవెల్. ఎవ్రీవన్‌కి ఇచ్చినవి, మీకున్న రోల్స్ అన్నింటికీ ఇచ్చినవి, మొత్తం ఒక కుప్పగా పోస్తుంది. ఇక్కడ ఉండేది ఆన్, ఆఫ్ రెండే. ఆఫ్ అంటే నిషేధం అనుకోకండి, ఆ రోల్ ఇవ్వలేదు, అంతే. ఇంకో రోల్ ఇస్తే వచ్చేస్తుంది. ఆ కుప్పలో అడ్మినిస్ట్రేటర్ అన్న పర్మిషన్ ఉంటే లెక్క అక్కడితో సరి, అన్నీ మీ చేతిలోనే. సర్వర్ ఓనర్‌కి అసలు లెక్కే లేదు.

అడ్మినిస్ట్రేటర్ లేకపోతే చానెల్ లెవెల్‌కి వస్తుంది. ఇక్కడ మూడు గుర్తులు ఉంటాయి. ఎర్ర ఇంటూ, బూడిద రంగు గీత, పచ్చ టిక్కు. గీత అంటే 'నేనేం మాట్లాడను, సర్వర్ లెవెల్లో ఏముంటే అదే' అని. మొదట ఎవ్రీవన్ మీద పెట్టిన ఇంటూలు, టిక్కులు అమలవుతాయి. తర్వాత మీ రోల్స్ అన్నింటి ఎర్ర ఇంటూలు ఒకేసారి. ఆ తర్వాత మీ రోల్స్ అన్నింటి పచ్చ టిక్కులు ఒకేసారి. ఆఖర్న ప్రత్యేకంగా మీ పేరు మీదే ఏమైనా పెట్టి ఉంటే అవి. గమనించారా, రోల్స్‌లో ఇంటూ ముందు, టిక్కు తర్వాత. అంటే రెండు రోల్స్ గొడవ పడితే ఎప్పుడూ టిక్కే గెలుస్తుంది. పెళ్ళి బంతిలో ఒక పెద్దాయన వీళ్ళకి వడ్డించొద్దు అన్నా, ఇంకో పెద్దాయన వడ్డించవయ్యా అంటే విస్తట్లో పడిపోయినట్టే.

దీనివల్ల పాడయ్యేది మ్యూట్ రోల్. చాలామంది ఏం చేస్తారంటే, మ్యూట్ అని ఒక రోల్ పెట్టి, లిస్టులో బాగా పైకి లాగి, డౌట్స్ చానెల్‌లో ఆ రోల్‌కి సెండ్ మెసేజెస్ దగ్గర ఎర్ర ఇంటూ కొడతారు. అదే చానెల్‌లో మెంబర్ రోల్‌కి ఎప్పుడో పచ్చ టిక్కు పెట్టి ఉంటారు. గొడవ చేసే అబ్బాయికి రెండు రోల్సూ ఉన్నాయి. మ్యూట్ రోల్ పైన ఉన్నా సరే, అతను హాయిగా మెసేజ్ పెడతాడు. మోడ్లు డిస్కార్డ్‌లో బగ్ ఉందంటారు. బగ్ కాదండీ, లెక్క ప్రకారమే నడిచింది.

బాగు చెయ్యాలంటే మెంబర్ రోల్‌కి చానెళ్ళలో పచ్చ టిక్కులు తీసేసి గీత పెట్టండి. సెండ్ మెసేజెస్‌ని సర్వర్ లెవెల్లో మెంబర్ రోల్‌కి ఆన్ చెయ్యండి. ఇప్పుడు చానెల్‌లో మ్యూట్‌కి ఎర్ర ఇంటూ పెడితే, దాన్ని కొట్టే టిక్కు ఇంకెక్కడా లేదు కాబట్టి నిలబడుతుంది. సీనియర్ రోల్‌కి కూడా ఇదే చెయ్యాలి, అక్కడ ఒక్క టిక్కు మిగిలినా సీనియర్‌ని మ్యూట్ చెయ్యలేరు. ఇంత గొడవ ఎందుకనుకుంటే టైమౌట్, అంటే కొంతకాలం నోరు కట్టేసే ఆప్షన్, వాడండి. గరిష్ఠంగా 28 రోజులు. టైమౌట్‌లో ఉన్నవాళ్ళు చానెల్ చూడగలరు, పాత మెసేజ్‌లు చదవగలరు, ఇంకేమీ చెయ్యలేరు. అడ్మినిస్ట్రేటర్ ఉన్నవాళ్ళకి మాత్రం టైమౌట్ ఇవ్వడం కుదరదు.

పాతకాలపు పీహెచ్‌పీబీబీ, అంటే వెబ్ ఫోరమ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్, వాడినవాళ్ళు ఉంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. 2007 డిసెంబర్‌లో వచ్చిన దాని 3.0 వెర్షన్లోనే యెస్, నో, నెవర్ అని మూడు ఉండేవి. నో అంటే ఇవ్వలేదు, వేరే గ్రూప్ ఇస్తే వస్తుంది. నెవర్ అంటే ఎంతమంది యెస్ అన్నా రాదు. మ్యూట్‌కి కావాల్సింది అచ్చంగా ఆ నెవరే. డిస్కార్డ్‌లో రోల్స్‌కి అది లేదు. ఈ ఒక్క లోటుకే నేను మార్కులు గట్టిగా కోస్తా. పీహెచ్‌పీబీబీ అడ్మిన్ ప్యానెల్ చూస్తే కళ్ళు తిరిగేవి, అది వేరే సంగతి.

వాట్సాప్ గ్రూప్‌తో పోలుస్తారు కొంతమంది. అక్కడ అడ్మిన్, మామూలు మనిషి, రెండే మెట్లు. కాలనీ గ్రూప్‌కి సరిపోతుంది. టెలిగ్రామ్‌లో ఒక్కో అడ్మిన్‌కి ఒక్కో హక్కు విడిగా టిక్కు పెట్టొచ్చు, కానీ రోల్ అన్న మాటే లేదు. పదిమంది మోడ్లుంటే పదిసార్లు పెట్టాలి. ఆ లెక్కన డిస్కార్డ్ చాలా ముందుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

సరే, సెటప్‌కి వద్దాం. ఎవ్రీవన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే లోపలికొచ్చిన ప్రతివాడికీ ఆ రోల్ ఉంటుంది, తీసెయ్యడం కుదరదు. అందులో వ్యూ చానెల్స్, సెండ్ మెసేజెస్, మెన్షన్ ఎవ్రీవన్, క్రియేట్ ఇన్వైట్, ఎంబెడ్ లింక్స్, అటాచ్ ఫైల్స్, థ్రెడ్స్ (చానెల్ లోపల విడిగా నడిచే చిన్న చర్చలు) తయారుచేసే రెండు పర్మిషన్లు ఆఫ్ చెయ్యండి. పాత మెసేజ్‌లు చదివే హక్కు ఉండనివ్వండి. తర్వాత రూల్స్ చానెల్‌లో మాత్రం ఎవ్రీవన్‌కి వ్యూ చానెల్ పచ్చ టిక్కు. ఇక్కడ ఆఫ్ చేసినవి మెంబర్ రోల్‌కి సర్వర్ లెవెల్లో ఇవ్వండి. మెన్షన్ ఎవ్రీవన్ మాత్రం మెంబర్లకీ వద్దు, అర్ధరాత్రి ఎవడో ఒకడు సర్వర్ మొత్తాన్నీ నిద్ర లేపుతాడు.

అనౌన్స్‌మెంట్స్ చానెల్. మెంబర్‌కి సెండ్ మెసేజెస్ ఎర్ర ఇంటూ, మోడ్‌కి పచ్చ టిక్కు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. థ్రెడ్లలో మెసేజ్ పెట్టడానికి వేరే పర్మిషన్ ఉంది, సెండ్ మెసేజెస్ ఇన్ థ్రెడ్స్ అని. సెండ్ మెసేజెస్ ఆపినా అది ఆగదు. అనౌన్స్‌మెంట్ కింద థ్రెడ్ తెరిచి కబుర్లు మొదలవుతాయి. కాబట్టి క్రియేట్ పబ్లిక్ థ్రెడ్స్, సెండ్ మెసేజెస్ ఇన్ థ్రెడ్స్, ఈ రెండింటికీ కూడా మెంబర్ దగ్గర ఇంటూ కొట్టండి. మోడ్లకి మెంబర్ రోల్ కూడా ఉంటుందిగా, మరి వాళ్ళకి ఆగిపోదా? ఆగదు. టిక్కు గెలుస్తుందన్నాం కదా, ఇక్కడ ఆ సూత్రం మనకి కలిసొస్తుంది. మోడ్‌కి ఆ మూడింటికీ టిక్కు ఉంటే చాలు.

టీమ్ రూమ్‌ని ఒక కేటగిరీలో పెట్టి, పర్మిషన్స్ కేటగిరీకే ఇవ్వండి. ఎవ్రీవన్‌కి వ్యూ చానెల్ ఇంటూ, మోడ్‌కి టిక్కు. మెంబర్‌కి ఏమీ పెట్టకండి. లోపలి చానెళ్ళు సింక్‌లో ఉన్నంతకాలం కేటగిరీలో మార్చింది వాటికీ వర్తిస్తుంది. ఒక్క చానెల్‌లో ఒక్క గుర్తు మార్చినా దాని సింక్ తెగిపోతుంది. తర్వాత మీరు కేటగిరీలో ఎన్ని మార్చినా ఆ చానెల్‌కి అందదు. చానెల్ పర్మిషన్స్ పేజీ పైన సింక్‌లో ఉందో లేదో రాసి ఉంటుంది, పక్కనే మళ్ళీ సింక్ చేసే బటన్ ఉంటుంది. చానెల్‌ని వేరే కేటగిరీలోకి లాగినప్పుడల్లా ఆ లైన్ చూడండి.

ఇక ఫ్రీగా వచ్చిన బాట్. దాని ఇన్వైట్ లింక్ కాపీ చేసి చూడండి, అందులో పర్మిషన్స్ అన్న మాట పక్కన ఒక నంబర్ ఉంటుంది. ఈ లింక్‌లో ఉన్నది 8. డిస్కార్డ్‌లో ఒక్కో పర్మిషన్‌కి ఒక్కో విలువ ఉంటుంది, కావాల్సినవన్నీ కూడితే ఆ నంబర్ వస్తుంది. 8 అంటే అడ్మినిస్ట్రేటర్. ప్రీమియం ఇచ్చారు కదా అని ఊరుకోను, ఇది బద్ధకం. ఈ బాట్ చేసే పని చూస్తే చానెల్ చూడాలి 1024, మెసేజ్ పెట్టాలి 2048, చెత్త మెసేజ్‌లు తీసెయ్యాలి 8192, లింక్ కార్డులు చూపించాలి 16384, పాత మెసేజ్‌లు చదవాలి 65536. మొత్తం 93184. రోల్స్ ఇవ్వడానికి 268435456, టైమౌట్‌కి 1099511627776 కలిపితే 1099780156416. లింక్‌లో 8 తీసేసి ఈ నంబర్ పెట్టి బాట్‌ని పిలవండి. బాట్ టోకెన్, అంటే దాని పాస్‌వర్డ్ లాంటిది, కంపెనీ దగ్గర దొంగల పాలైతే, అడ్మినిస్ట్రేటర్ ఉన్న సర్వర్‌లో చానెళ్ళన్నీ డిలీట్ అయ్యే అవకాశం ఉంది. ఈ నంబర్‌తో ఉన్న సర్వర్‌లో చానెల్ డిలీట్ చేసే హక్కే దానికి లేదు.

అడ్మినిస్ట్రేటర్ ఇస్తే బాట్ సమస్యలన్నీ తీరతాయి అనేది కూడా భ్రమే. బాట్ మెంబర్ రోల్ ఇవ్వాలంటే బాట్ రోల్ ఆ లిస్టులో మెంబర్ కన్నా పైన ఉండాలి. కింద ఉంటే అడ్మినిస్ట్రేటర్ ఇచ్చినా ఇవ్వలేదు, 50013 ఎర్రర్ వస్తుంది. 50001 వస్తే ఆ చానెలే బాట్‌కి కనపడట్లేదని. టీమ్ రూమ్‌లో లాగ్స్ పంపాలంటే అక్కడ బాట్ రోల్‌కి కూడా వ్యూ చానెల్ టిక్కు కావాలి.

ఇంకో కిటుకు ఉంది. సర్వర్‌లో వెరిఫికేషన్ లెవెల్ హై పెట్టారనుకోండి, చేరిన 10 నిమిషాల దాకా మెసేజ్ పెట్టలేరు. ఆన్‌బోర్డింగ్ (కొత్తవాళ్ళని ప్రశ్నలడిగి రోల్స్, చానెళ్ళు ఇచ్చే ఫీచర్) ఆన్ లేని సర్వర్లలో, ఏదైనా రోల్ ఉన్నవాళ్ళకి ఈ నియమం వర్తించదు. ఎవరైనా చేరగానే బాట్ ఆటోమేటిక్‌గా మెంబర్ రోల్ ఇచ్చేస్తే మీ వెరిఫికేషన్ గాలికి పోయినట్టే. ఈ బాట్‌లో ఆ ఆప్షన్ ముందే ఆన్ చేసి ఉంది. ఆఫ్ చేసి, రూల్స్ ఒప్పుకున్నాక ఇచ్చేలా మార్చండి.

మేనేజ్ రోల్స్ ఎవరికి ఇస్తున్నారో కూడా చూసుకోండి. అది ఉన్నవాళ్ళు తమ పై రోల్ కింద ఉన్న ఏ రోల్‌నైనా ఎవరికైనా ఇవ్వొచ్చు, తమకే ఇచ్చుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ ఉన్న రోల్ పొరపాటున మోడ్ కింద ఉంటే, మోడ్ రెండు క్లిక్కుల్లో అడ్మిన్ అయిపోతాడు. అడ్మినిస్ట్రేటర్ ఉన్న రోల్ ఎప్పుడూ అన్నిటికన్నా పైన. మోడ్లకి టూ ఫాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) తప్పనిసరి చేసే సెట్టింగ్ కూడా ఉంది, ఆన్ చెయ్యండి. ఆడిట్ లాగ్, అంటే సర్వర్‌లో ఎవరు ఏం మార్చారో రాసే చిట్టా, 45 రోజులే ఉంటుంది, గొడవ జరిగితే వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అన్నీ పెట్టాక మీ అకౌంట్‌తో చూసుకుని బాగుందనుకోకండి. ఓనర్‌కి, అడ్మిన్‌కి అన్నీ కనపడతాయి, తాళం పడిందో లేదో తెలీదు. రోల్స్ పేజీలో వ్యూ సర్వర్ యాజ్ రోల్ ఉంది, మెంబర్‌గా తిరిగి చూడండి. మ్యూట్ టెస్ట్ మాత్రం రెండో అకౌంట్‌కి మెంబర్, మ్యూట్ రెండూ ఇచ్చి, నిజంగా మెసేజ్ టైప్ చేసి చూడండి.

నా తీర్పు. డిస్కార్డ్ పర్మిషన్స్‌కి పదికి ఏడు. ఎనిమిదిన్నర ఇవ్వాల్సింది. నెవర్ లేనందుకు ఒకటి, ఆ రోల్స్ లిస్ట్ చూపించే అబద్ధపు వరసకి అర కోసేశా. బాట్‌కి పదికి ఆరు. పని బాగానే చేస్తుంది, 8 ఉన్న లింక్‌కే మార్కులు పోయాయి. డిస్క్రిప్షన్‌లో నేను పెట్టింది నంబర్ మార్చిన లింక్. ఆథరైజ్ నొక్కే ముందు స్క్రీన్ మీద ఏ పర్మిషన్లు అడుగుతోందో ఒకసారి చదవండి, అడ్మినిస్ట్రేటర్ కనిపిస్తే టిక్కు తీసెయ్యండి.