నివురుగప్పిన నిప్పు

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాయనమ్మ ఇంట్లో రాత్రిపూట నిప్పు ఆర్పడమనేదే ఉండేది కాదు. దాలి మీద నుంచి పాలకుండ దించాక, మిగిలిన పిడకల నిప్పు మీద బూడిద చిమ్మి కప్పేసేది. తెల్లారి ఆ నివురు పక్కకి నెట్టి, గుప్పెడు కొబ్బరి పీచు వేసి ఊదితే చాలు, మళ్లీ మంట లేచేది. అగ్గిపుల్ల ఖర్చయ్యేది కాదు. ఆమె దగ్గర చూసి నేర్చుకున్న ఈ విద్యే, అరవై దాటాక అమెరికాలో ఒక సరస్సు గట్టున నాకు అక్షింతలు వేయించింది.

మా అమ్మాయి ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉంటుంది. ఆగస్టులో మేం అక్కడ ఉండగా, "నాన్నా, రెండు రాత్రులు అడవిలో పడుకుందాం" అంది. అడవిలో పడుకుంటామంటే ఫారెస్టు వాళ్లు ఊరుకుంటారా అన్నది నా మొదటి అనుమానం. అక్కడ సంగతి వేరు. నేషనల్ ఫారెస్ట్ అంటే వాడుకోవడానికి ఉంచిన అడవి. దాన్ని చూసే ఫారెస్ట్ సర్వీస్ 1905లో ఏర్పడింది, ఇప్పటికీ వ్యవసాయ శాఖ కిందే ఉంది. కలప కొడతారు, పశువుల్ని మేపుతారు, వేటకి వెళ్తారు, అక్కడే టెంటు వేసుకుంటారు. నేషనల్ పార్కులు వేరు, వాటి శాఖ వేరు, వాటి కట్టుబాట్లు ఇంకా గట్టివి.

మేం వెళ్లింది సాటూత్ నేషనల్ ఫారెస్ట్‌లోని రెడ్‌ఫిష్ లేక్‌కి. బోయిసీ నుంచి కొండల మీదుగా దాదాపు మూడు గంటల ప్రయాణం. చివర్లో స్టాన్లీ అనే ఊరు వస్తుంది. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 116 మంది. మన వైపు ఒక పెళ్లి బస్సులో దాదాపు అంతమంది ఎక్కేస్తారు. అక్కణ్ణుంచి కాస్త దూరంలో, 6,500 అడుగుల ఎత్తులో సరస్సు. వెనకాల కొండలు నిజంగానే రంపం పళ్లలా ఉంటాయి. సాటూత్ అన్న పేరు ఊరికే రాలేదు.

రెడ్‌ఫిష్ అన్న పేరూ అంతే. పసిఫిక్ సముద్రం నుంచి సాకై సాల్మన్ చేపలు 900 మైళ్లు ఎదురీది, గుడ్లు పెట్టడానికి ఇక్కడికే వస్తాయి. వచ్చేసరికి ఒళ్లు ఎర్రబడిపోతుంది. దారిలో ఎనిమిది ఆనకట్టలు. 1992లో సరస్సుకి తిరిగొచ్చింది ఒక్కటంటే ఒక్క మగచేప. దానికి లోన్సమ్ లారీ అని పేరు పెట్టుకున్నారు. ఒంటరి లారీ అన్నమాట. ఆ ఒక్కడి కథ విన్నాక మా ఆవిడ గట్టున చాలాసేపు నీళ్లలోకి చూస్తూ కూర్చుంది.

టెంటు చోటు కోసం మా అమ్మాయి నెలల ముందే, తత్కాల్ టికెట్ కొట్టినట్టు, టైము చూసుకుని కంప్యూటర్ ముందు కూర్చుందట. ఇంతా చేసి దొరికేది ఒక నంబరు గుంజ, ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి నేలలో దిగేసిన ఇనుప చట్రం, కారు నిలిపేంత జాగా. కరెంటు లేదు. పులిహోర డబ్బా, గోంగూర పచ్చడి, చివరికి పళ్లు తోముకునే పేస్టు కూడా కారులో పెట్టి తాళం వెయ్యాల్సిందే. వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి. కట్టెలు కూడా ఇంటి నుంచి తేకూడదు, ఆ దగ్గర్లోనే కొనాలి. కట్టెల్లో దాగిన పురుగు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతుందని వాళ్ల భయం.

రాత్రి చలి ఎముకలు కొరికింది. ఆగస్టు అంటే ఎవరూ నమ్మరు. మంట చుట్టూ కూర్చుని, మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని, పది కాగానే లేచాం. పది దాటితే గట్టిగా మాట్లాడకూడదు. నేను మా నాయనమ్మని తలచుకుని బూడిద ఎగదోసి, పైన రెండు దోసిళ్ల మట్టి పోశాను. ఎర్రదనం కనబడలేదు. హమ్మయ్య అనుకుని టెంటు జిప్పు లాగుతుంటే టార్చిలైటు వెలుగు పడింది.

ఆయన క్యాంప్ హోస్ట్. వేసవి అంతా అక్కడే బండిలో ఉండి, వచ్చిపోయేవాళ్లని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. ఏమీ అనలేదు. పుల్ల తీసుకుని నా మట్టి కుప్పని కెలికాడు. లోపల పది ఎర్రటి కళ్లు ఒక్కసారి తెరుచుకున్నట్టయింది. మట్టి కప్పితే వేడి బయటికి పోదు, గంటల తరబడి లోపలే రగులుతుంది, కింద ఎండుటాకులకీ వేళ్లకీ అంటుకుంటుంది, పొద్దున గాలి లేచేదాకా ఎవరికీ తెలియదు. ఇదంతా ఆయన మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. అమెరికాలో కార్చిచ్చుల్లో ఎక్కువ భాగం మనుషులు రేపేవే అని కూడా అన్నాడు.

బకెట్టు చేతికిచ్చాడు. నీళ్లు పోయడం, పుల్లతో కలపడం, మళ్లీ పోయడం. బుస్సుమని ఆవిరి, తడిసిన బూడిద వాసన. మూడు బకెట్లయ్యాయి. "ఇప్పుడు చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. భయపడుతూనే పెట్టాను. అంబలిలా చల్లగా, మెత్తగా వేళ్ల సందుల్లోకి వచ్చింది. మణికట్టు దాకా ముంచమన్నాడు, ముంచాను. తల ఊపి, గుడ్ నైట్ చెప్పి, పక్క టెంటు వైపు నడిచాడు.

పొద్దున లేచేసరికి సరస్సు మీద పొగలా మంచు. కాఫీకి నీళ్లు పెడదామంటే అగ్గిపెట్టె కనబడదు. ముగ్గురం అరగంట వెతికాం. కారులో, పులిహోర డబ్బా కింద దొరికింది.

సెలవు.