హెచ్ఐవీ నిద్రపోతుందా? ఆ నిశ్శబ్దపు ఏళ్లలో ఒంట్లో జరిగేది ఇదీ

నమస్తే అందరికీ. "హెచ్ఐవీ సోకినా ఎనిమిది పదేళ్ల దాకా ఏమీ కాదంట కదా, అప్పటిదాకా వైరస్ నిద్రపోతుందా?" అని చాలామంది అడుగుతుంటారు. నిద్రపోదు. ఒక్క రోజు కూడా పోదు. ఈ వీడియో అంతా ఆ మాట గురించే, అది అర్థమైతే సీడీ4 కౌంట్ ఎందుకు చూస్తారో, మందులు ఎందుకు ఆపకూడదో విడిగా చెప్పక్కర్లేదు.

ముందు సీడీ4 కణాలంటే ఏంటో చూద్దాం. ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు, హెల్పర్ టీ కణాలు అంటారు. హెల్పర్ అన్నారు కదా అని తక్కువ అంచనా వేయకండి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకీ, వైరస్ సోకిన కణాల్ని చంపే కిల్లర్ కణాలకీ, క్రిముల్ని మింగేసే మాక్రోఫేజ్‌లకీ సంకేతాలు పంపి పని చేయించేది ఇవే. ఇవి పోతే మిగతావన్నీ ఉండి కూడా చేతులు కట్టేసినట్టే. హెచ్ఐవీ గురిపెట్టేది సరిగ్గా వీటినే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ గుండ్రటి బొమ్మ చూడండి. వైరస్ ఇది. నిజానికి దీని సైజు మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. పైన అక్కడక్కడా మేకుల్లా పొడుచుకొచ్చినవి ఉన్నాయే, వాటి తలకాయ పేరు జీపీ120. అది కణం మీదున్న సీడీ4 ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. పట్టుకోగానే దాని ఆకారం కాస్త మారుతుంది, అప్పుడు సీసీఆర్5 అనే రెండో ప్రోటీన్‌ని అందుకునే చోటు బయటపడుతుంది. రెండూ దొరికాక ఆ మేకు లోపల ముడుచుకుని ఉన్న జీపీ41 అనే ఇంకో ప్రోటీన్ చాచుకుని కణం పొరలో గుచ్చుకుంటుంది, రెండు పొరల్నీ దగ్గరికి లాగేస్తుంది, రెండు నీటిబొట్లు ఆనుకోగానే ఒకటైపోతాయి చూశారా, అచ్చం అలాగే. కొంతమందికి పుట్టుకతోనే సీసీఆర్5 సరిగా తయారుకాదు. అలాంటి దాత మూలకణాల్ని 2007లో బెర్లిన్‌లో బ్లడ్ క్యాన్సర్ చికిత్స కోసం టిమోతీ రే బ్రౌన్‌కి ఎక్కించారు, ఆ తర్వాత ఆయనలో హెచ్ఐవీ తిరిగి రాలేదు. ఈ ఒక్క తలుపు ఎంత ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది.

లోపలికి వెళ్లాక వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని, అంటే తన జన్యు సమాచారాన్ని, డీఎన్ఏగా మార్చుకుని మన కణం డీఎన్ఏలోనే అతికించేసుకుంటుంది. ఆ మార్చే ఎంజైమ్‌కి తప్పులు దిద్దే అలవాటు లేదు. అందుకే పుట్టే వైరస్‌లన్నీ ఒకేలా ఉండవు, ఒంట్లో ఒక యాంటీబాడీ తయారయ్యేసరికి వైరస్ వేషం మార్చేసి ఉంటుంది.

సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి, మామూలు ఫ్లూ అనుకుని వదిలేస్తారు. అసలు దెబ్బ తగిలేది ఆ వారాల్లోనే, అదీ పేగుల్లో. పేగు గోడల్లో సీసీఆర్5 ఉన్న సీడీ4 కణాలు విపరీతంగా ఉంటాయి, వాటిలో చాలా భాగం అప్పుడే ఊడ్చుకుపోతుంది. చేతి నుంచి తీసిన రక్తంలో అంత పెద్ద నష్టం కనబడదు. ఆ తర్వాత పేగు గోడ బలహీనపడి బ్యాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి, వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ ఉలిక్కిపడే ఉంటుంది. అలా మేలుకుని ఉన్న సీడీ4 కణాల్లోనే హెచ్ఐవీ బాగా పెరుగుతుంది. నాకు ఎప్పుడు చదివినా మనసు కలుక్కుమనే విషయం ఇదే, ఒళ్లు తనని తాను కాపాడుకోవాలని చేసే పనే అగ్నికి ఆజ్యం అవుతుంది.

ఇక ఆ నిశ్శబ్దపు ఏళ్లు. 1990ల మధ్యలో డేవిడ్ హో, అలన్ పెరెల్సన్ లాంటి శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూస్తే రోజుకి దాదాపు 1000 కోట్ల కొత్త వైరస్‌లు పుడుతున్నాయని తేలింది. పుట్టినవి పుట్టినట్టు చస్తుంటాయి, పోయిన కణాల చోట కొత్తవి వస్తుంటాయి, అందుకే బయటికి ఏమీ తెలియదు. ఇంకో సంగతి, లింఫ్ గ్రంథుల్లో చనిపోయే సీడీ4 కణాల్లో ఎక్కువ శాతం వైరస్‌ని తయారుచేసినవి కావు. వైరస్ దూరి మధ్యలో ఆగిపోయిన కణం, ఆ సగం డీఎన్ఏ ముక్కల్ని పసిగట్టి తనంతట తానే పగిలి చస్తుంది. అప్పుడు బయటపడే రసాయనాలు ఇంకిన్ని కణాల్ని అక్కడికి రప్పిస్తాయి, వచ్చినవీ వైరస్ బారిన పడతాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మైక్రోలీటరు రక్తంలో సీడీ4 కణాలు సుమారు 500 నుంచి 1500 ఉంటాయి. 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. మామూలు మనిషిని ఏమీ చేయలేని ఫంగస్ కూడా అప్పుడు ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల్లో డాక్టర్లు చూసింది ఆ ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియానే, కారణమైన వైరస్ దొరికింది 1983లో. టీబీ మాత్రం 200 దాకా ఆగదు, కౌంట్ బాగున్నప్పుడు కూడా రావచ్చు.

మందులు రోజూ వేసుకుంటే వైరస్ కొత్త కణాల్లోకి దూరి పెరగడం ఆగిపోతుంది, కౌంట్ మెల్లగా పెరుగుతుంది. రక్తంలో వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గి అలాగే ఉంటే, శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. దీన్ని దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి, అప్పుడు కూడా సోకుతుందేమోనని భయపడి దూరమైపోయే జంటలు ఉన్నారు.

మరి నిజంగా నిద్రపోయేది ఏంటంటే కొన్ని మెమరీ సీడీ4 కణాలు, అంటే ఒకసారి చూసిన క్రిముల్ని గుర్తుపెట్టుకునే కణాలు. వాటి డీఎన్ఏలో వైరస్ అతుక్కుని ఉంటుంది కానీ వైరస్‌ని తయారుచేయవు, కాబట్టి మందుకీ దొరకవు, కిల్లర్ కణాలకీ కనబడవు. వీటి సంఖ్య సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది, మొత్తం పోవాలంటే 70 ఏళ్లు దాటుతుందని లెక్క. కౌంట్ పెరిగింది, రిపోర్టు బాగుంది అని మాత్రలు ఆపేసినవాళ్లలో చాలామందికి రెండు మూడు వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ కనిపిస్తుంది, అది ఈ కణాల్లో ఏదో ఒకటి మేలుకోవడం వల్లే.