పదమూడేళ్ల ల్యాప్‌టాప్ మీద పెళ్లి వీడియో ఎడిటింగ్

[తెర మీద: విశాఖపట్నం పెదవాల్తేరులో మేడ మీద గది. కిటికీ పక్కన నల్ల ల్యాప్‌టాప్, కీల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి.]

ఈ ల్యాప్‌టాప్ మా పిన్ని కొడుకుది. 2012 నాటి ఇంటెల్ మూడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. వాడు పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాడు, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతుంటే దీన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. "అన్నయ్యా, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కట్లేదు. కొత్తది కొనాలంటే అప్పు చెయ్యాలి. ఇది ఇంక పనికిరాదా?"

పనికొస్తుంది. కాకపోతే సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగిపోతోందో ముందు పట్టుకోవాలి. అది తేలకుండా ర్యామ్ కొనొద్దు.

[తెర మీద: ఇన్‌స్టాల్ చేస్తుంటే వచ్చిన ఎర్ర హెచ్చరిక.]

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే ఆగిపోతాయి. విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14 తో అయిపోయింది. విండోస్ 11 కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇందులో రెండూ లేవు. ఆ తనిఖీని దాటవేసి ఎక్కించే దారులున్నాయి. కస్టమర్ల ఫొటోలుండే మెషీన్‌లో నేనైతే ఆ పని చెయ్యను, ఎందుకంటే ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు.

ఇంకొన్ని ప్రాసెసర్ దగ్గర ఆగుతాయి. ఏవీఎక్స్2 అని ఒక ఆజ్ఞల గుంపు ఉంది. మామూలుగా ఒక్కొక్కటిగా కూడాల్సిన పూర్ణాంకాలని దానితో ఒకేసారి ఎనిమిది చొప్పున కూడొచ్చు. ఫొటో అంటే లక్షల అంకెలే కదా, అందుకే కొత్త సాఫ్ట్‌వేర్లు దాని మీద ఆధారపడుతున్నాయి. ఇంటెల్‌లో ఇది 2013 లో, నాలుగో తరంతో వచ్చింది. మావాడిది మూడో తరం, అంటే ఒక్క ఏడాది తేడాలో తప్పిపోయింది. 16 జీబీ ర్యామ్ వేసినా ఏవీఎక్స్2 రాదు. ఈ సంగతి తెలియక డబ్బు పోసినవాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్రాఫిక్స్‌తోనూ ఇలాంటి చిక్కే. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ 4.0 కి ఓపెన్‌జీఎల్ (సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే పద్ధతి) 4.3 కావాలి, ఇందులోని గ్రాఫిక్స్ చిప్ హెచ్‌డీ 4000 విండోస్‌లో 4.0 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి బ్లెండర్ 3.6 వాడుకోవాలి. పాత వెర్షన్లన్నీ బ్లెండర్ సొంత సైట్లోనే ఉచితంగా ఉన్నాయి.

[తెర మీద: లైనక్స్ మింట్ డెస్క్‌టాప్.]

మేం విండోస్ తీసేసి లైనక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాం. దీనికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఫొటోలకి గింప్, బొమ్మలకి క్రిటా, కార్డులకి ఇంక్‌స్కేప్, వీడియోకి కేడెన్‌లైవ్. ఫొటోషాప్ లాంటి అడోబీ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నేరుగా నడవదు, అది ముందే ఒప్పుకోవాలి. పాత ఫొటోషాప్ లేనిదే పని జరగదు అనుకుంటే పాత విండోస్ ఉంచుకోండి, కానీ ఆ మెషీన్‌కి నెట్ ఇవ్వొద్దు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఇస్తామంటే తీసుకోకండి. అందులో ఇంకేం కలిపి ఇచ్చారో మనకి కనపడదు.

[తెర మీద: టైమ్‌లైన్ మీద పెళ్లి వీడియో. తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.]

ఇక అసలు కష్టం ఇక్కడుంది. ఇప్పటి ఫోన్లలో తీసే 4కే వీడియో చాలావరకు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఉంటుంది. చోటు తక్కువ తీసుకుంటుంది కానీ విప్పడానికి లెక్కలు చాలా ఎక్కువ. దానికంటే పాత పద్ధతి హెచ్.264 ని విప్పే ప్రత్యేక భాగం ఈ చిప్‌లో ఉంది, హెచ్.265 ని విప్పేది లేదు. ఇంటెల్‌లో అది ఆరో తరం నుంచి వచ్చింది. దాంతో బరువంతా ప్రాసెసర్ మీద పడి, వధువు చెయ్యి గాల్లోనే ఆగిపోతోంది.

దీనికి మందు ప్రాక్సీ. ప్రతి క్లిప్‌కీ ఒక చిన్న నకలు తయారుచేసుకుని, ఎడిటింగ్ అంతా దాని మీదే చేస్తాం. 4కే ఫ్రేములో సుమారు 83 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 960 బై 540 నకలులో 5.18 లక్షలే, అంటే పదహారో వంతు. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లనే తీసుకుంటుంది కాబట్టి నాణ్యత ఏమీ తగ్గదు. నకళ్లు తయారవడానికి సమయం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. వచ్చే పెళ్లికైతే ఫోన్ సెట్టింగ్స్‌లో హెచ్.264 పెట్టుకుని తియ్యమన్నాను.

[తెర మీద: వెనక మూత తీసిన ల్యాప్‌టాప్.]

డబ్బు పెట్టింది రెండింటికే. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ: ఆ పాత డిస్క్ సెకనుకి వంద ఎంబీ దాకా చదివేది, ఇది ఐదొందలు దాటుతుంది. ఇంకోటి, ద్వారకానగర్‌లో దొరికిన పాత డీడీఆర్3 ర్యామ్, మొత్తం 8 జీబీ అయింది.

మన ఊళ్లో ఇంకొకటి చూసుకోవాలి. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పుగాలి తేమకి దుమ్ము ఫ్యాన్‌లో అట్టకట్టేస్తుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. చూడండి, ఈ ఫ్యాన్ రెక్కల మధ్య ఎంత పేరుకుందో! బ్యాటరీ తీసి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్ రాశాం. ర్యామ్ కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచాం.

[తెర మీద: ఇంక్‌స్కేప్‌లో శుభలేఖ.]

మావాడి చివరి బెంగ తెలుగు అక్షరాలు. ఇన్నాళ్లూ 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో అలవాటు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే యూనికోడ్‌కి మారితే ఆ బాధ ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ పేర్లతోనే తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, మన ఉత్తరాంధ్ర వాళ్ల పేర్లే. గురజాడ ఎంచుకుని వాడితోనే మొదటి వరుస టైప్ చేయించాను. ఒత్తులు ఎక్కడా విడిపోలేదు.

[తెర మీద, పెద్ద అక్షరాల్లో: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు.]