ఈ ఫ్లెక్సీ మీద లేని మనిషి

నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని చీటీ రాసిచ్చారు. అవి చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఏడు అక్కడే అయిపోతాయి, అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం.

ఇవాళ సెప్టెంబర్ 21, అల్జీమర్స్ దినం కాబట్టి ‘మతిమరుపు – జాగ్రత్తలు’ అని టాపిక్ ఇచ్చారు. దానికి చివర్లో వస్తాను. ముందు నా వెనకున్న ఫ్లెక్సీ చూడండి. ఈ మతిమరుపు జబ్బుని మొదట వివరించిన జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ గారి ఫొటో పెద్దగా వేశారు, బాగుంది. పక్కన ఇంకో ఫొటో ఉండాలి. సాలమన్ కార్టర్ ఫుల్లర్. ఈ పేరు విన్నవాళ్ళు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి లేచింది, అదీ మైకు సరిచేస్తున్న అబ్బాయిది.

ఫుల్లర్ గారు 1872లో లైబీరియాలో పుట్టారు. వాళ్ళ తాత అమెరికాలోని వర్జీనియాలో బానిస. తన స్వేచ్ఛని తానే డబ్బిచ్చి కొనుక్కుని ఆఫ్రికా వెళ్ళిపోయిన మనిషి. మనవడేమో 1889లో చదువు కోసం మళ్ళీ ఆ అమెరికాకే వచ్చాడు. 1897లో బోస్టన్ యూనివర్సిటీలో డాక్టరయ్యి, మసాచుసెట్స్‌లో వెస్ట్‌బరో అనే ఊళ్ళో మానసిక రోగుల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా చేశారు. పోయినవాళ్ళ మెదడుని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగెక్కించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవారు, చూసింది ఫొటో తీసేవారు. 1904లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళారు. అక్కడ అల్జీమర్ తన ల్యాబు కోసం ఏరుకున్న అయిదుగురు విదేశీయుల్లో ఈయనొకరు. 1912లో, అప్పటిదాకా అచ్చయిన కేసులన్నీ పోగేసి, తను చూసిన కేసు కూడా కలిపి, ఈ జబ్బు మీద ఇంగ్లీషులో మొదటి సమగ్ర సమీక్ష రాశారు. రక్తనాళాలు గట్టిపడటమే దీనికి కారణమని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్ళు. ఈయన మాత్రం ఒప్పుకోలేదు.

ఇంత చేసిన మనిషికి ఏం దక్కిందంటారా? తెల్లవాళ్ళకన్నా తక్కువ జీతం. బోస్టన్ యూనివర్సిటీలో న్యూరాలజీ విభాగాన్ని అయిదేళ్ళు ఆయనే నడిపించినా అధిపతి అన్న హోదా మాత్రం ఇవ్వలేదు. 1933లో ఆయనకన్నా జూనియర్ అయిన ఒక తెల్ల డాక్టర్ని ప్రొఫెసర్ చేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈయన రిటైరై వచ్చేశారు. నా ఒంటిరంగు అడ్డం రాకపోతే ఇంకా పైకి వెళ్ళేవాణ్ణి అని తర్వాత చెప్పుకున్నారు. గొడవ చెయ్యలేదు, అంతే అన్నారు. గొడవ చెయ్యకపోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

నాకెందుకింత కోపమో చెప్పాలి. మా అమ్మకి డెబ్భై నాలుగేళ్ళప్పుడు తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోతోందని ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక కుర్రాడు ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని ఇవాళ తేదీ ఎంత అని అడిగాడు. “అమావాస్య వెళ్ళి నాలుగో రోజు నాయనా, చవితి” అంది. తప్పని ఇంటూ కొట్టాడు. బొమ్మ గీయమని పెన్సిలిచ్చాడు. రోజూ వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు తడుముకోకుండా వేసే మనిషి, ఆ పెన్సిల్ని పుల్ల పట్టుకున్నట్టు పట్టుకుని నా వంక చూసింది. ముప్పైకి పదిహేడొచ్చాయి. డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, అని రాసిచ్చారు, మేం ఆర్నెల్లు మాత్రలు మింగించాం. ఆ తర్వాత ఆవిడ తొమ్మిదేళ్ళు బతికింది, వీధిలో ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఆఖరిదాకా అప్పజెప్పింది. పక్కనే కూర్చునుండి, అమ్మ చెప్పింది రైటే కదా అని నేను కూడా అనలేదు. టెన్షన్‌లో ఉన్నాను. ఆ కాగితాన్నే నమ్మాను.

అమ్మా, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ పరీక్ష చేస్తే పక్కన కూర్చోండి, నోరు తెరవండి. దయచేసి.

ఆ పరీక్ష మనిషిని సరిగ్గా కొలవకపోవచ్చన్న మాట నాకన్నా ముందు, నాకన్నా శాస్త్రీయంగా చెప్పిన ఒకావిడ ఉన్నారు. కొలంబియా యూనివర్సిటీలో జెనిఫర్ మ్యాన్లీ, నల్లజాతి న్యూరోసైకాలజిస్టు, అంటే మెదడు పనితీరుని పరీక్షలతో కొలిచే నిపుణురాలు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో నల్లజాతి వృద్ధులకి మార్కులు తక్కువొస్తుంటే, ఎన్నేళ్ళు బడికెళ్ళారన్నది సరే, ఆ బడి ఎలాంటిదో చూడొద్దా అన్నారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లపిల్లలకి విడిగా పెట్టిన బళ్ళు ఏడాదిలో తక్కువ రోజులు నడిచేవి, పుస్తకాలు కూడా అంతంతమాత్రం. చదివే సామర్థ్యాన్ని కొలిచి లెక్కలోకి తీసుకుంటే మార్కుల తేడా చాలావరకు తగ్గిపోయిందని 2002లో చూపించారు. అయినా ఏమైంది? అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలకి దెబ్బలు తగిలిన మాజీ ఆటగాళ్ళ నష్టపరిహారం లెక్కల్లో, నల్లవాళ్ళకి మొదట్నుంచే మార్కులు తక్కువుంటాయని వేరే తూకం పెట్టారు. ఒకే మార్కు వచ్చినా, తెల్లాయనకి జబ్బున్నట్టు, నల్లాయనకి లేనట్టు! ఇద్దరు ఆటగాళ్ళు 2020లో కోర్టుకెక్కితే, 2021లో గానీ ఆ ఆట నడిపే లీగ్ వాళ్ళు ఆ పద్ధతి మానేస్తామని ఒప్పుకోలేదు.

టైమైపోయిందని చీటీ వచ్చింది. జాగ్రత్తలు చెప్తానన్నాను కదా, బీపీ, షుగరు చూపించుకోండి. ఫుల్లర్ గారికి కూడా షుగరుండేది. మైక్రోస్కోపులో అంత చూసిన కళ్ళు చివర్లో దానివల్లే పోయాయి. 1953లో ఆయన కన్నుమూశారు. నిర్వాహకులకి ఒక్క మనవి, వచ్చే ఏడాది ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు ఆ రెండో ఫొటోకయ్యే డబ్బు నేనిస్తాను.