బయోప్రాసెస్ ఇంజినీరింగ్ చదవబోయే వాళ్లకు: ఆక్సిజన్ లెక్క, ఆవిరి గేజీ, మరికొన్ని

(బెంగళూరులో ఇంటర్, పీయూసీ పూర్తిచేసిన తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ కోర్సు గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఇడ్లీ పిండి పులియడం దగ్గర మొదలుపెడతారు. నేను 6 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెడతాను. మన బెంగళూరులో, 37 డిగ్రీల వేడి దగ్గర, మామూలు గాలి నుంచి లీటరు నీళ్లలోకి కరగగల ఆక్సిజన్ దాదాపు అంతే. ట్యాంకులో చిక్కగా పెరిగిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా కల్చర్ లీటరుకు గంటకు 3.2 గ్రాముల ఆక్సిజన్ తినేస్తుంది. భాగహారం చేసి చూడండి. నీళ్లలో ఉన్న నిల్వ 7 సెకన్లకు మించి రాదు. ట్యాంకుకు గాలి పంపే కంప్రెసర్ ట్రిప్ అయిందనుకోండి, ఆపరేటర్ ప్యానెల్ వైపు తల తిప్పేలోగా ట్యాంకులో కణాలకు ఊపిరి ఆడదు.

ఏ జీన్ ఎక్కడ పెట్టాలో చూసేది మాలిక్యులర్ బయాలజీ. ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్లలో ఆ కణం చేసిన పనిని 10,000 లీటర్లలోనూ అంతే బాగా, ప్రతి బ్యాచ్‌లోనూ చేయించడం బయోప్రాసెస్ ఇంజినీరింగ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే ఒక బ్యాక్టీరియా నుంచి అక్కడి శాస్త్రవేత్త డుగ్గర్ దాన్ని పట్టుకున్నాడు. ఆ మట్టికీ మందుల షాపులో మాత్రకీ మధ్య ఉన్నవన్నీ, అంటే ట్యాంకు, గాలి, ఆవిరి, వడపోత, ఆరబెట్టడం, మీ నాలుగేళ్ల సిలబస్సే. మన పక్కనే బయోకాన్ 1978లో బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ లాంటి ఎంజైములతో మొదలై, తర్వాత పిచియా అనే ఈస్టుతో ఇన్సులిన్ తయారీకి వెళ్లింది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చింది, అదీ పిచియాలోనే.

పేర్ల విషయం తొందరగా ముగిస్తాను. మన దగ్గర "బయోప్రాసెస్ ఇంజినీరింగ్" అనే పేరుతో బీటెక్ అరుదు. బెంగళూరు కాలేజీల్లో బీ.ఈ. బయోటెక్నాలజీ అంటారు, చెన్నైలో అన్నా యూనివర్సిటీ ఇండస్ట్రియల్ బయోటెక్నాలజీ అంటుంది. కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఇటు వచ్చేవాళ్లూ చాలామందే. బైపీసీ పిల్లలకు ఆంధ్ర, తెలంగాణల ఈఏపీసెట్‌లో బీటెక్ బయోటెక్నాలజీకి దారి ఉంది, కాలేజీలో చేరాక మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు చేయాలి. కర్ణాటక సీఈటీలో బీ.ఈ.కి మాత్రం ఫిజిక్స్‌తోపాటు మ్యాథ్స్ తప్పనిసరి. "లెక్కలు పడవు కాబట్టి బయోటెక్" అనుకుని వచ్చే పిల్లలే రెండో ఏట మాస్ ట్రాన్స్‌ఫర్ పేపర్ దగ్గర ఇబ్బంది పడతారు. తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

కోర్సు పేరు పక్కన పెట్టి సిలబస్ తెరిచి చూడండి. మెటీరియల్ బ్యాలెన్స్, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్టర్ డిజైన్, డౌన్‌స్ట్రీమ్ (ట్యాంకులో తయారైనదాన్ని వేరుచేసి శుద్ధి చేయడం), ప్రాసెస్ కంట్రోల్. ఇవన్నీ విడివిడి పేపర్లుగా ఉంటే అది మన కోర్సు. అన్నీ కలిపి ఒకే సెమిస్టర్‌లో "బయోప్రాసెస్ ప్రిన్సిపుల్స్" అని ముగించేస్తే అది బయాలజీ డిగ్రీకి ఇంజినీరింగ్ అట్ట వేసినట్టు.

ఇప్పుడు ఆ 7 సెకన్ల దగ్గరికి మళ్లీ వద్దాం, ఈ సబ్జెక్టుకు ప్రాణం అక్కడే ఉంది.

గాలి బుడగ నుంచి నీళ్లలోకి ఆక్సిజన్ దిగే వేగం రెండింటి గుణకారం. ఒకటి కేఎల్ఏ, అంటే ట్యాంకు ఎంత సమర్థంగా ఆక్సిజన్ అందించగలదో చెప్పే అంకె. రెండోది, నీళ్లు పట్టగల ఆక్సిజన్‌కూ అప్పుడు నీళ్లలో ఉన్నదానికీ తేడా. 3.2 గ్రాములంటే 100 మిల్లీమోల్స్. 6 మిల్లీగ్రాములంటే 0.19 మిల్లీమోల్. డీవోను, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను, నీళ్లు పట్టగలదానిలో 30 శాతం దగ్గర నిలపాలనుకుంటే మిగిలే తేడా 0.13. 100ని 0.13తో భాగిస్తే గంటకు దాదాపు 760 కేఎల్ఏ కావాలి. పెద్ద ట్యాంకులో మామూలు గాలితో అది తేలిగ్గా దొరికే అంకె కాదు. అందుకే ట్యాంకు లోపల అర బార్ అదనపు పీడనం పెడతారు. తేడా 0.24కు పెరిగి, కావలసిన కేఎల్ఏ 420 దగ్గరికి దిగుతుంది. అదీ చాలకపోతే గాలిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ కలుపుతారు, లేదా గ్లూకోజ్ ఫీడ్ తగ్గించి కణాల ఆకలినే అదుపు చేస్తారు. గ్లూకోజ్ ఒక్కసారిగా పోస్తే ఈ.కోలై మిగులును ఎసిటేట్‌గా మార్చి బయటికి వదులుతుంది, ఆ ఎసిటేట్ పెరుగుదలనే అణచేస్తుంది. ఫెడ్-బ్యాచ్, అంటే గ్లూకోజ్‌ను కొద్దికొద్దిగా అందిస్తూ నడిపే పద్ధతి, అవసరం ఇక్కడే వస్తుంది.

అదే అంకె నుంచి వేడి లెక్క కూడా వస్తుంది. ఒక మోల్ ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 460 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అంటే మన కల్చర్ లీటరుకు గంటకు 46 కిలోజౌళ్లు. చల్లబరచకుండా వదిలేస్తే గంటలో ఉష్ణోగ్రత 11 డిగ్రీలు ఎగబాకుతుంది, 37 కాస్తా 48 అవుతుంది. 10,000 లీటర్ల ట్యాంకులో ఇది 128 కిలోవాట్లు. చిన్న గ్లాసులో పాలు చటుక్కున చల్లారతాయి, గంగాళంలో పాలు చల్లారవు. ట్యాంకు పొడవూ వెడల్పూ పదింతలైతే ఘనపరిమాణం వెయ్యింతలవుతుంది, ట్యాంకు చుట్టూ చల్లటి నీళ్లు తిరిగే జాకెట్ వైశాల్యం మాత్రం వందింతలే. అందుకే పెద్ద ట్యాంకుల్లో జాకెట్‌తో పాటు లోపల కాయిల్ పెడతారు, చిల్లర్ నీళ్లు వాడతారు. ఎండాకాలం చెన్నైలో కూలింగ్ టవర్ నీళ్ల మీదే ఆధారపడితే 30 డిగ్రీల దగ్గర నడపాల్సిన పిచియా బ్యాచ్ సంగతి ఏమవుతుందో మీరే ఊహించండి.

బెంగళూరు పిల్లలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. మనం సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉన్నాం. ఇక్కడ గాలి పీడనం 101 కాదు, దాదాపు 91 కిలోపాస్కల్స్. ల్యాబులో ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ పక్కన గోడ మీద "15 పీఎస్ఐ, 121 డిగ్రీలు, 15 నిమిషాలు" అని అంటించి ఉంటుంది. గేజీ చూపేది చుట్టూ ఉన్న గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నదే. కాబట్టి ఇక్కడ గేజీ 15 చూపినప్పుడు ఆవిరి ఉష్ణోగ్రత 119.3 దగ్గర ఉంటుంది. 1.7 డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ వేడికి మొండిగా నిలిచే బ్యాక్టీరియా స్పోర్ల విషయంలో 10 డిగ్రీలు తగ్గితే చావు వేగం పదో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన 119.3 దగ్గర 15 నిమిషాలంటే 121 దగ్గర 10 నిమిషాలతో సమానం. గేజీని 16.5 దాకా పోనివ్వాలి, ఇంకా మంచిది థర్మామీటరునే నమ్మడం. ఛాంబరులో గాలి పూర్తిగా బయటికి పోకపోతే గేజీ సరిగానే చూపిస్తుంది, వేడి మాత్రం రాదు. 5 లీటర్ల మీడియా (కణాలను పెంచే పోషక ద్రవం) మధ్యభాగం వేడెక్కడానికి పట్టే సమయాన్ని 15 నిమిషాల్లో కలపకూడదు.

డీవో ప్రోబ్‌కూ ఇదే తిరకాసు. గాలితో నింపి "100 శాతం" అని క్యాలిబ్రేట్ చేస్తారు. బెంగళూరు 100 శాతంలో ఉండే ఆక్సిజన్ చెన్నై 100 శాతం కంటే దాదాపు 10 శాతం తక్కువ. ఒక ఊళ్లో 30 శాతం దగ్గర బాగా నడిచిన బ్యాచ్ ఇంకో ఊళ్లో తడబడితే కారణం ఇదీ కావచ్చు.

కేఎల్ఏ కొలిచే ప్రయోగం ప్రతి కాలేజీలోనూ ఉంటుంది, సరిగ్గా చేయడం మాత్రం తక్కువ. పద్ధతి ఇది. పోలరోగ్రాఫిక్ ప్రోబ్‌ను కనెక్ట్ చేసి 6 గంటలైనా పోలరైజ్ కానివ్వాలి, అంటే రీడింగు కుదురుకోనివ్వాలి. నైట్రోజన్‌తో సున్నా, గాలితో 100 పెట్టాలి. కల్చర్ పెరుగుతుండగా గాలి ఆపేసి డీవో 70 నుంచి 30కి దిగడం చూడాలి. ఆ వాలే కణాల వాడకం. 10 శాతం కిందికి పోనివ్వకూడదు, అక్కడ కణాల శ్వాసే మారిపోతుంది. మళ్లీ గాలి తెరిచి 5 సెకన్లకోసారి రీడింగు రాసుకోవాలి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కేఎల్ఏ గంటకు 200 అయితే ట్యాంకు స్పందించే సమయం 18 సెకన్లు. ప్రోబ్ మెంబ్రేన్ పాతబడి 40 సెకన్లు తీసుకుంటుంటే, మీరు గీసిన గ్రాఫు ట్యాంకుది కాదు, ప్రోబ్‌ది. రికార్డులో అంకె చక్కగానే ఉంటుంది, మార్కులూ పడతాయి. అందుకే ముందు ప్రోబ్‌ను నైట్రోజన్ నీళ్లలోంచి గాలి నీళ్లలోకి మార్చి దాని సమయం విడిగా కొలవండి.

నురుగు సంగతి పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు, ప్లాంటులో అది రాత్రి నిద్ర పోగొడుతుంది. నురుగు ఎగ్జాస్ట్ ఫిల్టర్‌ను తడిపితే దారి మూసుకుపోయి ట్యాంకులో పీడనం పెరుగుతుంది. భయపడి యాంటీఫోమ్ ఎక్కువ పోస్తే బుడగలు కలిసిపోయి కేఎల్ఏ పడిపోతుంది. చుక్క చుక్కగా, ఫోమ్ ప్రోబ్ చెప్పినప్పుడే వేయాలి.

కంటామినేషన్‌కూ, అంటే బయటి క్రిములు ట్యాంకులో దూరడానికీ, లెక్క ఉంది. ఈ.కోలై మంచి మీడియాలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. యాంటీబాడీలు తయారుచేసే సీహెచ్ఓ అనే జంతు కణాలకు అదే పనికి దాదాపు ఒక రోజు పడుతుంది. రెండు వారాలు నడిచే సీహెచ్ఓ బ్యాచ్‌లో మూడో రోజు ఒక బ్యాక్టీరియా దూరితే పోటీ అనే మాటే లేదు. అందుకే వాల్వు సీటు, ఓ-రింగు, శాంపిల్ పోర్టు ఆవిరి పట్టే పద్ధతి ఇవన్నీ జీన్ క్లోనింగ్ అంత జాగ్రత్తగా చదవాలి.

డౌన్‌స్ట్రీమ్‌ను పిల్లలు చిన్నచూపు చూస్తారు. ఆరు మెట్లు, మెట్టుకు 90 శాతం దక్కుతుందనుకోండి. చివరికి మిగిలేది 53 శాతం. ఈ.కోలైలో ప్రోటీన్ ఇంక్లూజన్ బాడీలుగా గడ్డకడితే దాన్ని విప్పి మళ్లీ సరైన ఆకారంలోకి మడవాలి. చిక్కగా ఉంటే అణువులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, అందుకని బాగా పలచన చేస్తారు. లీటరుకు 0.2 గ్రాముల దగ్గర చేస్తే కిలో ప్రోటీన్‌కు 5,000 లీటర్ల ట్యాంకు కావాలి, ఆ నీటినంతా తర్వాత అల్ట్రాఫిల్ట్రేషన్‌తో తీసేయాలి. ఫెర్మెంటర్‌లో దిగుబడి పెంచానని మురిసిపోయే ముందు ఈ ట్యాంకు సైజు అడగాలి.

కాలేజీ చూడటానికి వెళ్తే బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబుకు వెళ్లండి. 5 లీటర్ల ఫెర్మెంటర్ ఉందా, దాని లాగ్‌బుక్‌లో చివరి బ్యాచ్ తేదీ ఏది? డీవో ప్రోబ్ పనిచేస్తోందా, డబ్బాలో ఉందా? క్రొమటోగ్రఫీ సిస్టమ్ ఉందా? మూడో ఏట విద్యార్థిని పట్టుకుని "నువ్వు సొంతంగా ఎన్ని బ్యాచ్‌లు నడిపావు?" అని అడగండి. ఇరవైమంది చుట్టూ నిలబడి ఒక్కరు నాబ్ తిప్పడం లెక్కలోకి రాదు.

ఉద్యోగాల గురించి తల్లిదండ్రులు అడుగుతారని తెలుసు. బీటెక్‌తో మొదట ట్రైనీగా అప్‌స్ట్రీమ్ (కణాలను పెంచే విభాగం) లేదా డౌన్‌స్ట్రీమ్‌లో, క్యూసీ (నాణ్యత పరీక్షలు), క్యూఏ (నాణ్యత హామీ), వ్యాలిడేషన్‌లో పడతారు. షిఫ్టులు ఉంటాయి. పరిశోధన కావాలంటే ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు. గేట్‌లో బీటీ (బయోటెక్నాలజీ) పేపర్ ఉంది, కెమికల్ పునాది గట్టిగా ఉన్నవాళ్లు సీహెచ్ (కెమికల్ ఇంజినీరింగ్) కూడా రాయొచ్చు. ప్లాంటులో సగం పని రాతే. బ్యాచ్ రికార్డులో చేసిన పని చేసిన వెంటనే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ పూసిన పేజీ ఇన్‌స్పెక్షన్‌లో కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. చేతిరాత, క్రమశిక్షణ గురించి ఇంట్లో పెద్దలు చెప్పే మాటలు ఇక్కడ అక్షరాలా పనికొస్తాయి.

ఇంటర్న్‌షిప్ ఐదో సెమిస్టర్ తర్వాత దొరుకుతుంది. అందరూ ఆర్ అండ్ డీ ల్యాబు అడుగుతారు. మీరు రెండు వారాలైనా యుటిలిటీస్ అడగండి. బాయిలర్, చిల్లర్, కంప్రెసర్, ఇంజెక్షన్లకు వాడే శుద్ధ జలం తిరిగే డబ్ల్యూఎఫ్ఐ లూప్ అక్కడే ఉంటాయి. ఆ లూప్‌ను చాలాచోట్ల 80 డిగ్రీల దగ్గర తిప్పుతూనే ఉంచుతారు. వేడి తగ్గినా, నీళ్లు కదలని కొస పైపు ఒక్కటి మిగిలినా లోపల బయోఫిల్మ్ పట్టుకుంటుంది. రిటర్న్ లైన్ ఉష్ణోగ్రత, ఫ్లో, టీవోసీ (నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్), కండక్టివిటీ గంట గంటకీ ఎందుకు రాస్తున్నారో అక్కడి టెక్నీషియన్ అన్ననే అడగండి. అంతకంటే బాగా చెప్పేవాళ్లు ఆ బిల్డింగులో ఉండకపోవచ్చు.