ఓటీపీ వెళ్లిందంటే తప్పు మీదేనా? బ్యాంకు 'కుదరదు' అంటే ఏం చేయాలి

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒక లెటర్ చదువుదాం. లెటర్ అంటే బ్యాంకు నుంచి వచ్చిన నాలుగు లైన్ల ఈమెయిల్. మన వీడియోలు చూసే ఒక అన్న పంపారు. సొంతూరు మదనపల్లె వైపు. ఇక్కడ బెంగళూరులో, కేఆర్ పురంలో ఉంటూ క్యాబ్ నడుపుతారు. ఆయన పేరూ బ్యాంకు పేరూ చెప్పను.

ముందు జరిగింది చెబుతాను. శుక్రవారం మధ్యాహ్నం వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, వచ్చింది. క్యాబ్ నడిపేవాళ్లకి చలాన్లు మామూలే కదా, నొక్కారు. ఏదో యాప్ ఇన్‌స్టాల్ అయింది, తెరిస్తే ఏమీ కనిపించలేదు. వదిలేశారు. సాయంత్రం సీఎన్‌జీ బంకులో గ్యాస్ పట్టించుకుని ఫోన్‌పే చేస్తే పేమెంట్ వెళ్లలేదు. చూస్తే రెండుసార్లు యాభై వేల చొప్పున లక్ష రూపాయలు ఎవరిదో ఖాతాకి వెళ్లిపోయాయి. ఒక్క మెసేజ్ కూడా కనబడలేదు. ఇలాంటి యాప్‌లు చేసేది అదే. మీ ఫోన్‌కి వచ్చే ఎస్ఎంఎస్‌లు చదివి దొంగకి పంపుతాయి, మీకు కనబడకుండా దాచేస్తాయి.

ఆయన వెంటనే, 6 గంటల 20 నిమిషాలకి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. ఖాతా బ్లాక్ చేయండని మొత్తుకున్నారు. సరేనన్నారు, ఫిర్యాదు నంబర్ కూడా ఇచ్చారు. 7 గంటల 5 నిమిషాలకి ఇంకో ముప్పై వేలు పోయాయి. ఈ టైమ్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు లెటర్. "లావాదేవీలు మీ రిజిస్టర్డ్ మొబైల్‌కు పంపిన ఓటీపీతో ధ్రువీకరించబడినవి. బ్యాంకు వైపు లోపం లేదు. మీరు ఐదు రోజుల తర్వాత ఫిర్యాదు చేశారు. కావున మీ క్లెయిమ్ తిరస్కరించడమైనది." లక్షా ముప్పై వేలు పోతే జవాబు ఇంతే. కింద సంతకం అవసరం లేదని ఒక లైన్. ఊళ్లో బ్రాంచి మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "ఓటీపీ నీ ఫోన్‌కే వచ్చింది కదా బాబూ, ఇంక మేమేం చేస్తాం" అన్నారట.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఓటీపీ ఆ నంబరుకి వెళ్లిందన్నది ఒక విషయం. ఖాతాదారుడు దాన్ని ఎవరికో చెప్పాడన్నది వేరే విషయం. ఇంట్లో దొంగ పడ్డాడని చెబితే, తాళం పగల్లేదు కాబట్టి తాళంచెవి నువ్వే ఇచ్చుంటావు అన్నట్టుంది వీళ్ల వరస.

రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మనకి తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలన్నది అందులో ఉంది. తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకు మీదే పెట్టింది. నేను చెప్పలేదు అని మీరు నిరూపించుకోనక్కర్లేదు, చెప్పారు అని వాళ్లు చూపించాలి. "ఓటీపీ వాడారు" అన్న ఒక్క ముక్క ఆ నిరూపణ ఎలా అవుతుంది?

ఇంక ఆ "ఐదు రోజులు" ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. ఆయన బుధవారం బ్రాంచికి కాగితం ఇచ్చారు. బ్యాంకు దాన్నే మొదటి ఫిర్యాదు కింద లెక్కేసింది. శుక్రవారం చేసిన ఫోన్ కాల్, వాళ్లే ఇచ్చిన ఫిర్యాదు నంబరు ఏమైనట్టు? ఫోన్ ద్వారా చెప్పినా చెప్పినట్టే. పోనీ, బుధవారమే అనుకుందాం. సర్క్యులర్ లెక్కపెట్టేది పనిదినాలు, అదీ మీ ఖాతా ఉన్న హోమ్ బ్రాంచి పనిదినాలు. మెసేజ్ వచ్చిన రోజుని లెక్కలోకి తీసుకోరు. శుక్రవారం తీసేయండి. మర్నాడు రెండో శనివారం, సెలవు. ఆదివారం సరేసరి. సోమ, మంగళ, బుధ. మూడో పనిదినం! బ్యాంకు తప్పూ కస్టమర్ తప్పూ లేని మూడో మనిషి మోసంలో, మూడు పనిదినాల్లోపు చెబితే కస్టమర్ మీద పైసా భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి మన వంతు గరిష్ఠంగా 10,000. బెంగళూరులో ఉంటూ ఆంధ్రా బ్రాంచిలో ఖాతా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా, పండగ సెలవులు అక్కడివి చూసుకోండి, ఇక్కడివి కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఏపీకే నొక్కడం నిర్లక్ష్యం కాదా అని బ్యాంకు కచ్చితంగా అడుగుతుంది. కస్టమర్ నిర్లక్ష్యం అని తేలితే, అతను ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా అతనే భరించాలని అదే సర్క్యులర్‌లో ఉంది. అందులో ఇచ్చిన ఉదాహరణ పాస్‌వర్డ్, పిన్ లాంటివి ఎవరికైనా చెప్పడం. దొంగ యాప్ దొంగచాటుగా చదవడమూ, మనం నోరు తెరిచి చెప్పడమూ ఒకటేనా అన్నది వాదించాల్సిన విషయం. వాదించండి అనే నేనంటాను. గువాహటిలో ఒక కస్టమర్ ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వెనక్కి ఇద్దామనుకుంటే, కస్టమర్ కేర్ అని ఫోన్ చేసినవాడు ఒక యాప్ దించుకోమన్నాడు. 94,204 రూపాయల 80 పైసలు పోయాయి. ఆయన 24 గంటల్లోపే ఫిర్యాదు చేశాడు. గౌహతి హైకోర్టు ఎస్‌బీఐ కట్టాలంది. బ్యాంకు సుప్రీంకోర్టుకి వెళ్తే 2025 జనవరి 3న అక్కడా కొట్టేశారు. ఓటీపీలు ఎవరికీ ఇవ్వొద్దు, కస్టమర్లూ జాగ్రత్తగా ఉండాలి అని కూడా కోర్టు అంది. ఇది చూపిస్తే ప్రతి కేసూ గెలిచేస్తామని అనుకోకండి. కానీ యాప్ ఉంది కాబట్టి కథ అయిపోయింది అనే బ్యాంకుకి చూపించడానికి పనికొస్తుంది.

ఆ 7 గంటల 5 నిమిషాల ముప్పై వేలకి మాత్రం ఈ వాదనే అక్కర్లేదు. నిర్లక్ష్యం ఎవరిదైనా సరే, బ్యాంకుకి చెప్పాక పోయిన డబ్బు బ్యాంకు నెత్తినే. అయినా మూడింటినీ ఒకే లైన్లో తిరస్కరించారు. అసలు చదివారా అన్నది నా అనుమానం!

అందుకే మేం జవాబు రాసేటప్పుడు ఏడుపు తగ్గించి ప్రశ్నలు పెంచాం. బ్యాంకులో పైస్థాయిలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి ఈమెయిల్. ఏ డివైస్ నుంచి, ఏ ఐపీ అడ్రస్ నుంచి లాగిన్ అయ్యారు? అది ఇంతకుముందు ఈయన వాడిన డివైసేనా? కొత్త బెనిఫిషియరీని, అంటే డబ్బు అందుకునే ఖాతాని, ఎన్ని గంటలకి చేర్చారు, ఎంతసేపటికి డబ్బు పంపనిచ్చారు? శుక్రవారం కాల్ రికార్డింగ్ ఏది? ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఖాతాలో వేయాల్సిన షాడో క్రెడిట్, అంటే విచారణ తేలేదాకా తాత్కాలికంగా చూపే జమ, ఎందుకు వేయలేదు? లావాదేవీలు మూడింటికీ విడివిడిగా జవాబివ్వండి అని రాశాం. దానికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఇచ్చిన ఫిర్యాదు నంబరు, స్టేట్‌మెంట్, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ జత చేశాం.

1930 అంటే గుర్తొచ్చింది. డబ్బు పోగానే బ్యాంకుతో పాటు అక్కడికీ ఫోన్ చేయాలి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టాలి. డబ్బు అవతలి ఖాతాలో ఇంకా ఉంటే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఖాతా ఆంధ్రాలో ఉంది, ఊరికెళ్లాక ఇద్దాంలే అని ఆగొద్దు, ఇక్కడి నుంచే ఇవ్వండి.

బ్యాంకు తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబే ఇవ్వకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. నృపతుంగ రోడ్డులో ఆర్‌బీఐ ఆఫీసు ఉంది కదా అని అక్కడిదాకా వెళ్లి నిలబడక్కర్లేదు, ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఫీజు లేదు. గడువు ఉంటుంది, నాన్చకండి. "పర్సెంటేజీ ఇస్తే డబ్బు తెప్పిస్తాం" అనేవాళ్లు ఇన్‌స్టాలో తయారయ్యారు, వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చారో రెండోసారి పోతాయి. లోతైన సాక్ష్యాలు, విచారణ కావాల్సిన కేసని అంబుడ్స్‌మన్ తీసుకోకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సేవకి మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడా ఫీజు లేదు. మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, అంటే మదనపల్లె ఖాతాకి బెంగళూరులో. రెండు చోట్లా ఒకేసారి వేయకండి. కేసు కోర్టులో ఉంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు.

పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని భయపెడితే మనమే కూర్చుని పంపిన డబ్బు సంగతి వేరు. అది మనం చేసిన లావాదేవీ కిందికే వస్తుంది, ఈ సర్క్యులర్ అక్కడ పెద్దగా ఆదుకోదు. దాని మీద వేరే వీడియో చేస్తాను.

మన క్యాబ్ అన్నకి బ్యాంకు రెండో జవాబు వచ్చింది. ఫోన్ చేశాక పోయిన ముప్పై వేలు ఖాతాలో వేశారు. డివైస్ గురించి, ఐపీ అడ్రస్ గురించి అడిగినదానికి ఒక్క ముక్క లేదు, మిగతా లక్షకి మళ్లీ అదే ఓటీపీ లైను. ఆ రెండు లెటర్లూ జతచేసి అంబుడ్స్‌మన్‌కి పెట్టాం. ఫిర్యాదు నంబరు వచ్చింది. మీకూ ఇలాంటి లెటర్ వచ్చి ఉంటే, ఖాతా నంబరు కనబడకుండా చేసి కామెంట్లో తేదీలు రాయండి, పనిదినాలు నేను లెక్కేసి చెబుతాను.